కృత్రిమ శ్లేష్మ నమూనాలు

కృత్రిమ శ్లేష్మ నమూనాలు అనగా మానవ శరీరంలోని శ్లేష్మాన్ని పోలిన పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, లేదా శ్లేష్మాన్ని స్రవించే కణాలను పెంచి, అందులో బాక్టీరియా ఎలా జీవిస్తాయో, మందులకు ఎలా స్పందిస్తాయో తెలుసుకొనేందుకు వాడే ప్రయోగ సాధనాలు. శ్వాసనాళాలలోను, జీర్ణాశయంలోను, పేగులలోను బాక్టీరియా మొదట ఎదుర్కొనేది శ్లేష్మపు పొరనే. సాధారణ పోషక ద్రవంలో బాక్టీరియాను చంపగలిగిన యాంటీబయాటిక్ మందు రోగి శరీరంలో విఫలం కావడం వైద్యశాస్త్రానికి చాలాకాలంగా తెలిసిన సమస్య. ఈ తేడాకు శ్లేష్మం ఎంతవరకు కారణమో తేల్చడం ఈ నమూనాల ముఖ్యోద్దేశం. ఈ రంగంలో జరిగిన పరిశోధనలలో అధికభాగం సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధికి, ఆ రోగుల ఊపిరితిత్తులలో స్థిరపడే సూడోమోనాస్ ఎరూజినోసా అనే బాక్టీరియాకు సంబంధించినవి.

శ్లేష్మం - నిర్మాణం, విధులు

శ్లేష్మం నీరు అధికంగా గల జిగురు పదార్థం. ఆరోగ్యవంతుల శ్వాసనాళాలలోని శ్లేష్మంలో 95 శాతానికి పైగా నీరే ఉంటుంది. మిగిలిన భాగంలో మ్యూసిన్లు, ఇతర ప్రోటీన్లు, లవణాలు, కొవ్వులు, రాలిపోయిన కణాల శిథిలాలు ఉంటాయి. శ్లేష్మానికి జిగురు గుణాన్ని ఇచ్చేవి మ్యూసిన్లు. ఇవి చాలా పెద్ద గ్లైకోప్రోటీన్లు. పొడవైన ప్రోటీన్ దారానికి ఇరువైపులా చక్కెర గొలుసులు సీసాలు కడిగే బ్రష్షు వెంట్రుకల వలె అమరి ఉంటాయి. మ్యూసిన్ బరువులో ఎక్కువ భాగం ఈ చక్కెరలదే. వీటి కొసలలో ఉండే సయాలిక్ ఆమ్లం, సల్ఫేటు సమూహాల వలన మ్యూసిన్ అణువుకు ఋణావేశం కలుగుతుంది.

మ్యూసిన్లు అనేక రకాలు. పేగులలో ప్రధానంగా మక్-2, జీర్ణాశయపు ఉపరితలంలో మక్-5ఎసి, శ్వాసనాళాలలో మక్-5ఎసి, మక్-5బి ఉంటాయి. ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి వల వంటి జెల్ ఏర్పడుతుంది. ఊపిరితో లోనికి వచ్చిన దుమ్ము, సూక్ష్మజీవులు ఈ వలలో చిక్కుకుంటాయి. శ్వాసనాళపు కణాలపై ఉండే శైలికలు నిరంతరం కదులుతూ ఈ శ్లేష్మాన్ని గొంతు వైపు నెట్టివేస్తాయి. పెద్దపేగులో శ్లేష్మం రెండు పొరలుగా ఉంటుందని, లోపలి పొరలోకి బాక్టీరియా దాదాపుగా ప్రవేశించవని స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన గున్నార్ హాన్సన్ బృందం 2008లో ఎలుకలపై చేసిన పరిశోధనలో చూపింది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ వ్యాధిలో ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. కణాల నుండి క్లోరైడు, బైకార్బొనేటు అయానులను బయటకు పంపే సి.ఎఫ్.టి.ఆర్. అనే ప్రోటీన్ లోపించడం వలన శ్వాసనాళాలలో నీరు తగ్గి, శ్లేష్మం చిక్కబడి, కదలక నిలిచిపోతుంది. ఈ జన్యువును 1989లో లాప్-చీ సూయి, ఫ్రాన్సిస్ కాలిన్స్, జాన్ రియార్డన్ బృందాలు గుర్తించాయి. నిలిచిపోయిన శ్లేష్మం బాక్టీరియాకు ఆవాసంగా మారుతుంది. వాటితో పోరాడేందుకు వచ్చి చనిపోయిన తెల్లరక్తకణాల నుండి వెలువడిన డి.ఎన్.ఏ. వలన కఫం మరింత చిక్కబడుతుంది.

సాధారణ పరీక్ష, దాని లోపం

ఒక బాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో తెలుసుకొనేందుకు ఆసుపత్రి ప్రయోగశాలలు రోగి కఫం, మూత్రం లేదా రక్తం నుండి దానిని వేరుచేసి ప్రామాణికమైన పోషక ద్రవంలో పెంచుతాయి. ఇందుకు అత్యధికంగా వాడేది మ్యూలర్-హింటన్ ద్రవం. దీనిని జాన్ హోవర్డ్ మ్యూలర్, జేన్ హింటన్ 1941లో రూపొందించారు. వారి ఉద్దేశం గనేరియా, మెదడుపొర వాపు వ్యాధులను కలిగించే నైసీరియా బాక్టీరియాను పెంచడం. తరువాతి కాలంలో అది మందుల పరీక్షకు ప్రామాణిక ద్రవంగా మారింది. వివిధ గాఢతలలో మందు కలిపిన ద్రవంలో బాక్టీరియాను ఉంచి, సుమారు 16 నుండి 20 గంటల తరువాత కంటికి కనిపించే పెరుగుదల లేని అతి తక్కువ గాఢతను గుర్తిస్తారు. దీనిని కనిష్ఠ నిరోధక గాఢత అంటారు.

ఈ పరీక్ష సులభమైనది, చౌకైనది, ఏ దేశంలో చేసినా ఫలితాలను పోల్చిచూడడానికి వీలైనది. రక్తంలో వేగంగా పెరిగే బాక్టీరియా విషయంలో ఇది బాగా ఉపయోగపడుతుంది. అయితే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులలో ఈ పరీక్ష ఫలితానికి, రోగి కోలుకోవడానికి మధ్య సంబంధం బలహీనంగా ఉంటుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులలో సూడోమోనాస్‌కు టోబ్రామైసిన్, సెఫ్టాజిడైమ్ మందులతో జరిగిన చికిత్సను పరిశీలించిన ఒక అమెరికా అధ్యయనం 2003లో ప్రచురితమైంది. పరీక్షలో మందుకు లొంగిన బాక్టీరియా ఉన్న రోగులు లొంగనివి ఉన్న రోగుల కంటే మెరుగ్గా కోలుకున్నట్లు అందులో కనబడలేదు. ప్రయోగశాలలో మందుల జంటలను పరీక్షించి చికిత్సను ఎంపిక చేసినా ఫలితం మెరుగుపడలేదని 2005లో ప్రచురితమైన కెనడా అధ్యయనం తెలిపింది.

ఈ వైఫల్యానికి ఒక ముఖ్య కారణం పరీక్ష జరిగే వాతావరణం. పరీక్షనాళికలోని ద్రవంలో బాక్టీరియా విడివిడిగా ఈదుతూ, పుష్కలమైన ఆహారంతో వేగంగా పెరుగుతాయి. కఫంలో అవే బాక్టీరియా చిన్న చిన్న గుంపులుగా, ప్రాణవాయువు కొరతలో, మెల్లగా పెరుగుతాయి. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌కు చెందిన థామస్ బ్యార్న్‌షోల్ట్, నీల్స్ హోయిబీ తదితరులు 2009లో రోగుల ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరిశీలించారు. శ్వాసనాళాలలో బాక్టీరియా గోడలకు అంటుకొని ఉండక, శ్లేష్మంలో గుంపులుగా ఇమిడి, చుట్టూ తెల్లరక్తకణాలతో ఉన్నట్లు వారు చూపారు.

నిరోధకత, సహనశీలత

యాంటీబయాటిక్ నిరోధకత, యాంటీబయాటిక్ సహనశీలత అనే పదాలను ఒకే అర్థంలో వాడడం కద్దు. కాని ఇవి రెండు వేర్వేరు లక్షణాలు. మందు ఉన్నప్పటికీ బాక్టీరియా వృద్ధి చెందగలిగితే అది నిరోధకత. సాధారణంగా జన్యువులో ఉత్పరివర్తనం వలనగాని, వేరొక బాక్టీరియా నుండి జన్యువు సంక్రమించడం వలనగాని ఇది కలుగుతుంది. కనిష్ఠ నిరోధక గాఢత పెరగడం దీని గుర్తు.

సహనశీలత గల బాక్టీరియా మందు సమక్షంలో పెరగవు, కాని త్వరగా చావవు. మందు ప్రభావం తొలగిన తరువాత మళ్ళీ పెరగడం మొదలుపెడతాయి. వీటి కనిష్ఠ నిరోధక గాఢత మారదు కనుక సాధారణ పరీక్షలో ఇవి మందుకు లొంగేవిగానే నమోదవుతాయి. సహనశీలతను కొలవడానికి చంపే వేగాన్ని చూడాలి. ఇందుకు బాక్టీరియాలో 99 శాతం చావడానికి పట్టే కాలాన్ని ఒక కొలతగా వాడతారు.

ఒక బాక్టీరియా సమూహంలో కొద్ది కణాలు మాత్రమే ఇలా తట్టుకొని నిలిస్తే వాటిని మొండి కణాలు అనవచ్చు. ఐర్లండ్‌లో జన్మించిన జోసెఫ్ బిగ్గర్ అనే వైద్యుడు 1944లో వీటిని వర్ణించాడు. పెన్సిలిన్ మందుతో స్టెఫైలోకాకస్ బాక్టీరియాను చంపినప్పుడు సుమారు పది లక్షలలో ఒక కణం మిగిలిపోతున్నదని, దాని సంతతిని మళ్ళీ పరీక్షిస్తే అవి మొదటి వాటివలెనే మందుకు లొంగుతున్నాయని ఆయన గమనించాడు.

సహనశీలత నిరోధకతకు దారి చూపగలదు. మందు నుండి తప్పించుకొని ఎక్కువ కాలం జీవించిన కణాలలో ఉత్పరివర్తనాలు కలిగే అవకాశం అధికం. ఇజ్రాయెల్‌లోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన నథాలీ బాలబాన్ బృందం 2017లో ఇ.కోలై బాక్టీరియాపై చేసిన ప్రయోగాలలో సహనశీలత ముందు ఏర్పడి, నిరోధకత ఆ తరువాత త్వరగా ఏర్పడినట్లు తేలింది. శ్లేష్మ నమూనాలకు ప్రాముఖ్యం కలగడానికి ఇది ఒక కారణం.

నమూనాల రకాలు

శ్లేష్మ నమూనాలను స్థూలంగా ఐదు తరగతులుగా విభజించవచ్చు. ఒక్కొక్క తరగతి శ్లేష్మపు కొన్ని లక్షణాలను మాత్రమే అనుకరిస్తుంది.

1. కృత్రిమ కఫ ద్రవాలు

రోగుల కఫంలో ఉండే పదార్థాలను కొలిచి, అదే పాళ్ళలో కలిపి తయారుచేసే ద్రవాలివి. శ్రీరాములు, రోమ్లింగ్ తదితరులు 2005లో మ్యూసిన్, డి.ఎన్.ఏ., అమైనో ఆమ్లాలు, లవణాలు, గ్రుడ్డు పచ్చసొన మిశ్రమం కలిపిన కృత్రిమ కఫాన్ని వాడారు. ఇందులో సూడోమోనాస్ బాక్టీరియా పాత్ర గోడకు అంటుకొనకుండా, రోగుల కఫంలో వలె చిన్న గుంపులుగా పెరిగింది.

అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మార్విన్ వైట్లీ బృందం 2007లో ఎస్.సి.ఎఫ్.ఎం. అనే ద్రవాన్ని రూపొందించింది. రోగుల కఫంలోని అమైనో ఆమ్లాలు, గ్లూకోజు, లాక్టేటు, అయానుల సగటు గాఢతలు దీనికి ఆధారం. కఫంలోని కొన్ని అమైనో ఆమ్లాల వలన బాక్టీరియా తమలో తాము పంపుకొనే రసాయన సంకేతాల ఉత్పత్తి పెరుగుతుందని ఈ పరిశోధనలో తెలిసింది. ఆ తరువాత దీనికి మ్యూసిన్, సాల్మన్ చేప శుక్రం నుండి తీసిన డి.ఎన్.ఏ., ఒక కొవ్వు పదార్థం, ఎన్-అసిటైల్ గ్లూకోజమైన్ చేర్చి ఎస్.సి.ఎఫ్.ఎం.2 ను తయారుచేశారు. ఇందులో ఒక మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మ్యూసిన్, 0.6 మిల్లీగ్రాముల డి.ఎన్.ఏ. ఉంటాయి. అసలు కఫంలో పెరగడానికి సూడోమోనాస్‌కు అవసరమైన జన్యువులు, ఈ ద్రవంలో అవసరమైన జన్యువులు చాలావరకు ఒకటేనని 2015లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

ఈ ద్రవాలను ఏ ప్రయోగశాలలోనైనా తయారుచేయవచ్చు. ఒక్కొక్క పదార్థాన్ని తీసివేసి దాని ప్రభావాన్ని విడిగా పరీక్షించవచ్చు. అయితే ఇందులో జీవకణాలు ఉండవు. శ్లేష్మం నిరంతరం స్రవించడం, కదలడం, తెల్లరక్తకణాల దాడి వంటివి ఇందులో కనబడవు.

2. శుద్ధి చేసిన మ్యూసిన్ జెల్

మార్కెట్‌లో లభించే మ్యూసిన్ ఎక్కువగా పంది జీర్ణాశయం నుండి తీసినది. పారిశ్రామిక పద్ధతిలో శుద్ధి చేసేటప్పుడు దీని అణువులు కొంత తెగిపోతాయి. అందువలన నీటిలో కలిపినప్పుడు సహజమైన జెల్ ఏర్పడదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని కథరీనా రిబ్బెక్ బృందం పంది జీర్ణాశయపు శ్లేష్మం నుండి మ్యూసిన్లను మృదువైన పద్ధతులతో వేరుచేసి, వాటి సహజ నిర్మాణం చెడకుండా వాడుతున్నది. ఈ మ్యూసిన్లకు అతికి ఉండే చక్కెర గొలుసులు సూడోమోనాస్ బాక్టీరియాలో హాని కలిగించే జన్యువుల పనిని తగ్గిస్తాయని ఈ బృందం 2019లో ప్రకటించింది. శ్లేష్మం కేవలం అడ్డుగోడ అనే పాత భావనను ఈ ఫలితం సవరించింది.

3. గాలి-ద్రవ సరిహద్దుపై పెంచిన కణాలు

ఈ పద్ధతిలో శ్లేష్మాన్ని బయటి నుండి కలపరు. కణాలే దానిని తయారుచేస్తాయి. సన్నని రంధ్రాలు గల పొరపై శ్వాసనాళపు ఉపకళా కణాలను పరచి, క్రింది వైపు పోషక ద్రవాన్ని, పై వైపు గాలిని ఉంచుతారు. గాలి తగలడం వలన కణాలు శరీరంలో వలె పరిణతి చెందుతాయి. కొన్ని వారాలలో కొన్ని కణాలకు శైలికలు మొలుస్తాయి. మరికొన్ని గోబ్లెట్ కణాలుగా మారి శ్లేష్మాన్ని స్రవిస్తాయి. ఈ పద్ధతికి అనువైన రెండు గదుల పాత్రను విట్‌కట్, ఆడ్లర్, వూ 1988లో వర్ణించారు.

అమెరికాలోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ బౌచర్ బృందం ఈ పద్ధతిని విస్తృతంగా వాడింది. ఆరోగ్యవంతుల కణాలను పెంచిన గుండ్రని పాత్రలో శైలికల కదలిక వలన శ్లేష్మం సుడి తిరగడాన్ని ఈ బృందం 1998లో వర్ణించింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల కణాలపై శ్లేష్మం ఎండి, ఆ కదలిక ఆగిపోయింది. ఇలా పెంచిన శ్లేష్మాన్ని చిక్కబరచినప్పుడు సూడోమోనాస్ కదలిక మందగించి పెద్ద గుంపులుగా పెరుగుతుందని 2006లో ఇదే బృందం తెలిపింది.

పేగు శ్లేష్మం కొరకు హెచ్.టి.29-ఎం.టి.ఎక్స్. అనే కణశ్రేణిని ఎక్కువగా వాడతారు. పెద్దపేగు క్యాన్సర్ కణాలను మెథోట్రెక్సేట్ మందుకు అలవాటు చేయడం ద్వారా ఫ్రాన్స్ పరిశోధకులు 1990లో దీనిని రూపొందించారు. ఈ కణాలు శ్లేష్మాన్ని స్రవిస్తాయి. కాని అందులో పేగుకు సహజమైన మక్-2 కంటే జీర్ణాశయానికి చెందిన మక్-5ఎసి ఎక్కువగా ఉంటుంది.

4. ఆర్గనాయిడ్లు, అవయవ చిప్‌లు

మూలకణాల నుండి పెంచిన సూక్ష్మ అవయవ రూపాలను ఆర్గనాయిడ్లు అంటారు. నెదర్లాండ్స్‌లో తోషిరో సాటో, హాన్స్ క్లెవర్స్ బృందం 2009లో ఎలుక పేగు మూలకణాల నుండి వీటిని పెంచింది. పేగు ఆర్గనాయిడ్లు బోలుగా ఉండే చిన్న బుడగల వలె ఉంటాయి. శ్లేష్మం ఆ బుడగ లోపల స్రవించడం వలన బాక్టీరియాను సూక్ష్మమైన సూదితో లోనికి పంపవలసి వస్తుంది. లేదా ఆర్గనాయిడ్లను విడదీసి సమతలమైన పొరగా పెంచుతారు.

అవయవ చిప్ అనేది సన్నని కాలువలు గల పారదర్శకమైన చిన్న పలక. దీనిలో కణాలపై ద్రవం లేదా గాలి నిరంతరం ప్రవహిస్తుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డాన్‌గున్ హూ, డొనాల్డ్ ఇంగ్బర్ తదితరులు 2010లో ఊపిరితిత్తి చిప్‌ను ప్రకటించారు. ఇంగ్బర్ బృందమే 2020లో మానవ పెద్దపేగు కణాలతో, రెండు పొరల శ్లేష్మం ఏర్పడే చిప్‌ను వర్ణించింది.

5. జంతువుల కణజాలం

మాంసం కొరకు వధించిన పందుల ఊపిరితిత్తుల ముక్కలను కృత్రిమ కఫ ద్రవంలో ఉంచి వాటిపై బాక్టీరియాను పెంచే పద్ధతిని బ్రిటన్‌లో ఫ్రేయా హారిసన్ తదితరులు 2014లో ప్రవేశపెట్టారు. పంది ఊపిరితిత్తి నిర్మాణంలో మానవ ఊపిరితిత్తికి దగ్గరగా ఉంటుంది. ప్రయోగం కొరకు వేరుగా జంతువును చంపవలసిన అవసరం ఉండదు. సి.ఎఫ్.టి.ఆర్. జన్యువు లోపించిన ఎలుకలలో మానవులలో వలె ఊపిరితిత్తుల వ్యాధి తనంతట తాను రాకపోవడం ఇటువంటి ప్రత్యామ్నాయాల అన్వేషణకు దోహదం చేసింది.

శ్లేష్మంలో మందు విఫలమయ్యే విధానం

ఈ నమూనాల ద్వారా తెలిసిన కారణాలు ఒకటి కంటే ఎక్కువ. ఒకే రోగిలో ఇవి కలసి పనిచేయవచ్చు.

మొదటిది బంధనం. టోబ్రామైసిన్, కొలిస్టిన్ మందుల అణువులకు ధనావేశం ఉంటుంది. ఋణావేశం గల మ్యూసిన్, డి.ఎన్.ఏ. వీటిని పట్టి ఉంచుతాయి. బంధితమైన మందు బాక్టీరియాపై పనిచేయదు. కఫంలో టోబ్రామైసిన్ శక్తి తగ్గడానికి మ్యూసిన్‌తో బంధనం ఒక కారణమని 1995లోను, మ్యూసిన్ వలన కొలిస్టిన్ శక్తి తగ్గుతుందని 2015లోను ప్రచురితమైన పరిశోధనలు చూపాయి. రక్తంలోకి ఎక్కిస్తే చేరలేనంత అధిక మోతాదును శ్వాసనాళాలకు నేరుగా అందించేందుకు పీల్చే టోబ్రామైసిన్ వాడుకలోకి వచ్చింది. దీనిని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997లో అనుమతించింది.

రెండవది ప్రాణవాయువు కొరత. రోగుల శ్వాసనాళాలలోని చిక్కని కఫపు ముద్దలలో ప్రాణవాయువు చాలా తక్కువగా ఉంటుందని 2002లో జర్మనీకి చెందిన వోర్లిట్జ్, డోరింగ్ తదితరులు కొలిచి చూపారు. టోబ్రామైసిన్ బాక్టీరియా కణంలోకి ప్రవేశించాలంటే ఆ కణంలో శ్వాసక్రియ చురుకుగా జరగాలి. ప్రాణవాయువు లేనిచోట ఆ ప్రవేశం తగ్గుతుంది. సూడోమోనాస్ మాత్రం నైట్రేటును వినియోగించుకొని జీవించగలదు.

మూడవది మందకొడి పెరుగుదల. పెన్సిలిన్ కుటుంబానికి చెందిన మందులు కణకవచం నిర్మాణాన్ని అడ్డుకుంటాయి. పెరగని కణంలో ఆ నిర్మాణం జరగదు కనుక మందుకు లక్ష్యం ఉండదు. గుంపు మధ్యలో ఆహారం అందని బాక్టీరియా ఈ స్థితిలో ఉంటాయి.

నాలుగవది డి.ఎన్.ఏ. ప్రభావం. తెల్లరక్తకణాల నుండి వెలువడిన డి.ఎన్.ఏ. మెగ్నీషియం అయానులను పట్టుకుంటుంది. మెగ్నీషియం కొరతను గుర్తించిన సూడోమోనాస్ తన బయటిపొరను మార్చుకొని కొలిస్టిన్ వంటి మందులను తట్టుకుంటుందని 2008లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. 1993 నుండి వాడుకలో ఉన్న డోర్నేజ్ ఆల్ఫా అనే మందు ఈ డి.ఎన్.ఏ. ను ముక్కలు చేసి కఫాన్ని పలుచబరుస్తుంది.

ఐదవది ఇతర సూక్ష్మజీవుల సాంగత్యం. సూడోమోనాస్ విడుదల చేసే ఒక రసాయనం స్టెఫైలోకాకస్ ఆరియస్ శ్వాసక్రియను అడ్డుకుంటుంది. దాని ఫలితంగా స్టెఫైలోకాకస్ మెల్లగా పెరిగే రూపంలోకి మారి టోబ్రామైసిన్ నుండి తప్పించుకుంటుందని 2006లో వెల్లడైంది. ఒక్కొక్క బాక్టీరియాను వేరుచేసి జరిపే పరీక్షలో ఈ సంబంధం కనబడదు.

పరస్పర విరుద్ధ ఫలితాలు

మ్యూసిన్ బాక్టీరియాకు సహాయం చేస్తుందా, అడ్డుపడుతుందా అన్న ప్రశ్నకు వేర్వేరు నమూనాలు వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. 2006లో లాండ్రీ, పార్సెక్ తదితరులు మ్యూసిన్ పూసిన గాజు ఉపరితలంపై సూడోమోనాస్‌ను పెంచినప్పుడు అది పెద్ద గుంపులుగా ఏర్పడి టోబ్రామైసిన్‌ను ఎక్కువగా తట్టుకొంది. 2012లో రిబ్బెక్ బృందం సహజ మ్యూసిన్ ద్రావణంలో అదే జాతి బాక్టీరియాను ఉంచినప్పుడు అది గుంపులు కట్టక విడివిడిగా ఈదుతూ ఉండిపోయింది.

ఈ రెండు ప్రయోగాలలో మ్యూసిన్ ఉన్న తీరు ఒకటి కాదు. మొదటిదానిలో మ్యూసిన్ ఉపరితలానికి అంటుకొని ఉంది. రెండవదానిలో బాక్టీరియా చుట్టూ పరచుకొని ఉంది. మ్యూసిన్ మూలం, శుద్ధి చేసిన పద్ధతి, గాఢత కూడా ఫలితాన్ని మార్చగలవు. ఆరోగ్యకరమైన పలుచని శ్లేష్మం బాక్టీరియాను చెదరగొట్టి ఉంచుతుందని, వ్యాధి వలన చిక్కబడి నిలిచిపోయిన శ్లేష్మం వాటికి ఆశ్రయం అవుతుందని భావిస్తే ఈ రెండు ఫలితాలకు పొంతన కుదురుతుంది. అందుచేత ఒక పరిశోధనలో మ్యూసిన్ వాడారని మాత్రమే చెప్పడం చాలదు. ఏ మ్యూసిన్, ఎంత, ఏ రూపంలో అన్న వివరాలు కూడా అవసరం.

పరిమితులు

కృత్రిమ శ్లేష్మ నమూనాలలో ఏ ఒక్కటీ శరీరంలోని శ్లేష్మానికి పూర్తి ప్రతిరూపం కాదు. వీటి ముఖ్య పరిమితులు ఇవి:

- పంది, పశువుల నుండి తీసిన మ్యూసిన్ చక్కెర గొలుసులు మానవ మ్యూసిన్ చక్కెరలతో పూర్తిగా సరిపోలవు. ఒక దఫా సరుకుకు, మరొక దఫా సరుకుకు మధ్య కూడా తేడాలు ఉంటాయి.
- రోగుల కఫం అందరిలో ఒకే విధంగా ఉండదు. సగటు గాఢతల ఆధారంగా తయారైన ద్రవం ఏ ఒక్క రోగినీ కచ్చితంగా సూచించదు.
- సిస్టిక్ ఫైబ్రోసిస్ వ్యాధి సంవత్సరాల తరబడి సాగుతుంది. కణాలపై బాక్టీరియాను వదిలితే కొద్ది రోజులలోనే కణాలు నశించడం వలన దీర్ఘకాలిక స్థితిని అనుకరించడం కష్టం.
- అధికభాగం నమూనాలలో తెల్లరక్తకణాలు ఉండవు.
- గాలి-ద్రవ సరిహద్దు కణాలకు, అవయవ చిప్‌లకు ఖర్చు, సమయం, నైపుణ్యం ఎక్కువగా కావాలి. అందుచేత ఆసుపత్రులలో ప్రతిరోజూ చేసే పరీక్షలకు అవి అనువుగా లేవు.

నమూనాను అంచనా వేసేందుకు ఒక మార్గం రోగుల కఫంలోని బాక్టీరియా జన్యువుల పనితీరును, నమూనాలోని బాక్టీరియా జన్యువుల పనితీరుతో పోల్చడం. 2018లో డేనియల్ కార్న్‌ఫోర్త్, వైట్లీ తదితరులు రోగుల నుండి సేకరించిన నమూనాలలో సూడోమోనాస్ ఏ జన్యువులను వాడుతున్నదో నమోదు చేశారు. 2020లో ఇదే సమాచారంతో వివిధ నమూనాలకు కొలమానాన్ని ప్రతిపాదించారు. ఒక నమూనా తప్పిన చోట మరొకటి సరిపోవచ్చు కనుక రెండింటిని కలిపి వాడే మార్గం కూడా దీనివలన తెరచుకొంది.

చికిత్సపై ప్రభావం

శ్లేష్మ నమూనాల పరీక్షలు ఆసుపత్రులలో ప్రామాణిక పరీక్ష స్థానాన్ని ఆక్రమించలేదు. వాటి ప్రభావం ప్రధానంగా కొత్త మందుల అన్వేషణలో కనబడుతుంది. మ్యూలర్-హింటన్ ద్రవంలో బాగా పనిచేసి శ్లేష్మంలో విఫలమయ్యే మందులను ముందే గుర్తించి పక్కన పెట్టడానికి, పలుచబరచే మందుతో కలిపి యాంటీబయాటిక్‌ను పరీక్షించడానికి ఇవి ఉపయోగపడుతున్నాయి. శ్లేష్మపు వలలో చిక్కుకొనకుండా జారిపోయే పూత గల సూక్ష్మరేణువులను అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జస్టిన్ హేన్స్ బృందం 2007లో వర్ణించింది. మందును శ్లేష్మం గుండా చేరవేసే పరిశోధనలకు ఇది ఒక ఆధారమైంది.

సి.ఎఫ్.టి.ఆర్. ప్రోటీన్ పనిని సరిదిద్దే మందులు వచ్చిన తరువాత సిస్టిక్ ఫైబ్రోసిస్ చికిత్స చాలా మారింది. ఇవాకాఫ్టర్ 2012లోను, మూడు మందుల మిశ్రమమైన ఎలెక్సాకాఫ్టర్-టెజాకాఫ్టర్-ఇవాకాఫ్టర్ 2019లోను అమెరికాలో అనుమతి పొందాయి. వీటి వలన కఫం తగ్గి, బాక్టీరియా సంఖ్య కూడా తగ్గింది. అయినా చాలామంది రోగులలో పాత బాక్టీరియా పూర్తిగా తొలగిపోలేదని 2023లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. కఫాన్ని దగ్గి బయటకు తీయలేని రోగులలో మిగిలిన బాక్టీరియాను కనుగొనడం, సరిదిద్దబడిన శ్లేష్మంలో అవి ఎలా నిలుస్తున్నాయో తెలుసుకోవడం ఈ నమూనాలకు కొత్త పనిగా మారింది. దీర్ఘకాలిక శ్వాసనాళ వ్యాధులు, కృత్రిమ శ్వాసపై ఉన్న రోగులలో వచ్చే న్యుమోనియా వంటి వాటికి కూడా ఈ పద్ధతులు వర్తిస్తాయి.

భారతదేశంలో

సిస్టిక్ ఫైబ్రోసిస్ ఐరోపా సంతతి వారికి మాత్రమే వచ్చే వ్యాధి అని ఒకప్పుడు భావించేవారు. భారతీయులలో కూడా ఈ వ్యాధి ఉన్నదని, చాలా సందర్భాలలో గుర్తింపునకు రావడం లేదని తరువాత తెలిసింది. జంతువులపై ప్రయోగాలకు బదులుగా కణాలు, ఆర్గనాయిడ్లు, అవయవ చిప్‌ల ఆధారిత పరీక్షల సమాచారాన్ని కొత్త మందుల పరిశీలనలో అంగీకరించేందుకు వీలుగా భారత ప్రభుత్వం 2023లో నిబంధనలను సవరించింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయానికి అనుబంధమైన అటల్ ఇంక్యుబేషన్ కేంద్రంలో ఇటువంటి మానవ కణ నమూనాలను ప్రోత్సహించేందుకు ఒక ప్రత్యేక కేంద్రం ఏర్పాటైంది.

ఇవి కూడా చూడండి

- శ్లేష్మం
- బాక్టీరియా
- యాంటీబయాటిక్
- సిస్టిక్ ఫైబ్రోసిస్
- ఊపిరితిత్తులు
- పెన్సిలిన్